చిట్టా విప్పితే 672

2025 డిసెంబర్ 13 సాయంత్రం ఉప్పల్ క్రికెట్ స్టేడియంలో లియోనెల్ మెస్సీ బంతిని గ్యాలరీల్లోకి తన్నుతుంటే హైదరాబాద్ ఈలలు వేసింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా మైదానంలోకి దిగి కాసేపు ఆడారు. మెస్సీ వెంట ఇద్దరు వచ్చారు. ఒకరు రోడ్రిగో డి పాల్, 2022 ప్రపంచకప్ గెలిచిన అర్జెంటీనా జట్టులోవాడు. రెండోవాడు లూయిస్ సువారెజ్, ఉరుగ్వే ఆటగాడు. ముగ్గురూ అప్పటికి అమెరికాలోని ఇంటర్ మయామీ క్లబ్బుకే ఆడుతున్నారు. కానీ మెస్సీ, సువారెజ్‌ల జోడీ అసలు ఎక్కడ కుదిరిందో తెలియాలంటే బార్సిలోనా వెళ్లాలి.

మనలో చాలామందికి మెస్సీ అంటే ఖతార్‌లో ఎత్తిన ఆ బంగారు కప్పే. అందులో తప్పేం లేదు. అయితే ప్రపంచకప్ నాలుగేళ్లకోసారి, నెల రోజుల పండగ. ఆ మనిషి రోజూ పొద్దున లేచి చేసిన ఉద్యోగం వేరు. అది బార్సిలోనా క్లబ్బులో, మొదటి జట్టు తరఫున 17 సీజన్లు. ఆ ఉద్యోగం చిట్టా ఒక్క వాక్యంలో ఇదీ: 778 మ్యాచ్‌లు, 672 గోల్స్.

ఈ రెండు అంకెలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. చిక్కేమిటంటే, మొత్తం అంకె ఎప్పుడూ మనల్ని మోసం చేస్తుంది. సచిన్ వంద సెంచరీలు అనగానే టెస్టులు ఎన్ని, వన్డేలు ఎన్ని అని విడదీసుకుంటాం కదా, ఇదీ అలాగే విడదీస్తేనే అర్థమవుతుంది.

స్పెయిన్ లీగ్ అయిన లా లిగాలో 520 మ్యాచ్‌లు, 474 గోల్స్. యూరప్ మేటి క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగ్‌లో 149 మ్యాచ్‌లు, 120 గోల్స్. నాకౌట్ టోర్నీ కోపా డెల్ రేలో 80 ఆడి 56. స్పానిష్ సూపర్ కప్‌లో 20 ఆడి 14. మిగిలినవి చిల్లర: యూరోపియన్ సూపర్ కప్‌లో నాలుగింట మూడు, క్లబ్ వరల్డ్ కప్‌లో ఐదింట ఐదు. కూడి చూసుకోండి, సరిగ్గా 778, 672 వస్తాయి. స్నేహపూర్వక మ్యాచ్‌లు ఇందులో లేవు. అందుకే 2003 నవంబర్ 16న పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో, పదహారేళ్ల కుర్రాడిగా అతడు మొదటిసారి పెద్ద జట్టుతో దిగిన మ్యాచ్ ఈ చిట్టాకెక్కలేదు. చిట్టా 2004 అక్టోబర్ 16న, అదే ఊరి ప్రత్యర్థి ఎస్పాన్యోల్ మీద, 82వ నిమిషంలో డెకో స్థానంలో అడుగుపెట్టడంతో మొదలవుతుంది.

ఏది లెక్కలోకొస్తుంది, ఏది రాదు అన్నది చిన్న విషయం కాదు. బ్రెజిల్ క్లబ్ శాంటోస్‌కు పీలే చేసిన 643 గోల్స్‌ను మెస్సీ 2020 డిసెంబర్ 22న వయ్యాడొలిడ్ మీద దాటాడు. ఒకే క్లబ్బుకు అత్యధిక గోల్స్ రికార్డు మారిందని ప్రపంచమంతా రాసింది. ఆ 644 గోల్స్ ఇచ్చుకున్న గోల్‌కీపర్లు 160 మంది. బడ్వైజర్ బీరు కంపెనీ ఒక్కో గోలుకు ఒక్కో సీసా చొప్పున వాళ్లకు కానుకగా పంపింది. పుండు మీద కారం అంటే అదే. శాంటోస్ మాత్రం ఊరుకోలేదు. మా పీలే స్నేహపూర్వక మ్యాచ్‌లతో కలిపి 1,091 కొట్టాడు, ఆ రోజుల్లో ఆ మ్యాచ్‌లూ పెద్ద జట్ల మీదే జరిగేవి అంది. కప్పుల దగ్గరా అదే పేచీ. మెస్సీ మైదానంలో దిగని ఒక స్పానిష్ సూపర్ కప్‌ను క్లబ్బు కలుపుకుంటుంది, అప్పుడు మొత్తం కప్పులు 35. వదిలేసేవాళ్లకు 34. లీగులు పది, చాంపియన్స్ లీగ్‌లు నాలుగు, కోపాలు ఏడు అన్న దగ్గర ఎవరికీ తగాదా లేదు.

ఇప్పుడు 672ను ఇంకో రకంగా కోద్దాం. నా లెక్కలో ఇదే అసలైన కోత.

మొదటి నాలుగు సీజన్లు, అంటే 2004 నుంచి 2008 వరకు: 110 మ్యాచ్‌ల్లో 42 గోల్స్. ఆ తర్వాతి 13 సీజన్లు: 668 మ్యాచ్‌ల్లో 630 గోల్స్. మొదటి భాగంలో వంద మ్యాచ్‌లకు 38 గోల్స్ పడుతున్నాయి. రెండో భాగంలో వందకు 94. రెండు మ్యాచ్‌లకో గోల్ కొట్టే స్ట్రయికర్‌ను క్లబ్బులు కోట్లు పోసి కొనుక్కుంటాయి. ఇతడు దాదాపు మ్యాచ్‌కొకటి చొప్పున పదమూడేళ్లు కొట్టాడు. పైగా ఇతడు గోల్ ముందు కాపు కాసే స్ట్రయికర్ కూడా కాదు.

ఆ మొదటి భాగం లెక్క తక్కువే అయినా దాన్ని దాటి వెళ్లిపోవడం అన్యాయం. కథంతా అక్కడే మొదలైంది మరి. అర్జెంటీనాలోని రొసారియోలో పుట్టిన ఆ పిల్లాడికి ఎదుగుదల హార్మోన్ లోపం. వైద్యానికి నెలకు సుమారు 900 డాలర్లు కావాలి. అక్కడి క్లబ్బులు అంత భారం మోయలేదు. 2000లో బార్సిలోనా పరీక్షించి చూసింది, నచ్చాడు. పదమూడేళ్ల విదేశీ పిల్లాడిని, అదీ ఇంత పొట్టివాడిని, తెచ్చి పెట్టుకోవాలా అని క్లబ్బులో నసిగినవాళ్లున్నారు. మెస్సీ తండ్రి ఇక వెళ్లిపోతామన్నాడు. ఆ డిసెంబర్ 14న ఒక టెన్నిస్ క్లబ్బులో భోజనాల బల్ల దగ్గర, చేతికి కాగితం దొరక్క, క్లబ్బు సాంకేతిక సంచాలకుడు కార్లెస్ రెషాక్ పేపర్ నాప్కిన్ మీదే రాసిచ్చాడు: ఎవరేమన్నా నా బాధ్యత మీద ఈ కుర్రాణ్ణి తీసుకుంటున్నాను అని. ఆ నాప్కిన్ 2024 మేలో లండన్ వేలం సంస్థ బోనమ్స్ ద్వారా 7,62,400 పౌండ్లకు అమ్ముడుపోయింది. మన డబ్బులో సుమారు 8 కోట్లు.

మొదటి గోల్ 2005 మే 1న. క్యాంప్ నౌ మైదానంలో అల్బసేటే జట్టు మీద బార్సిలోనా ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. ఇంకో రెండు మూడు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా స్ట్రయికర్ ఎటో స్థానంలో 30వ నంబర్ చొక్కాతో మెస్సీ వచ్చాడు. రొనాల్డినో డిఫెండర్ల తలల మీదుగా బంతిని చెంచాతో ఎత్తినట్టు ఎత్తి అందించాడు. మెస్సీ దాన్ని ముందుకొచ్చిన గోల్‌కీపర్ మీదుగా లేపి వలలో వేశాడు. ఆఫ్‌సైడ్ అని జెండా లేచింది. గోల్ చెల్లలేదు. నిమిషం గడిచిందో లేదో, మళ్లీ అదే రొనాల్డినో, మళ్లీ అదే చెంచా. ఈసారి బంతి నేల మీద ఒక్కసారి ఎగిరింది, మెస్సీ ఎడమకాలితో మళ్లీ అదే కీపర్ మీదుగా లేపాడు. జెండా లేవలేదు. రొనాల్డినో వంగి కుర్రాణ్ణి వీపు మీదికి ఎక్కించుకున్నాడు. ఒకే గోల్‌ను రెండుసార్లు కొడితే ఒక్కటి లెక్కలోకొచ్చింది. 17 ఏళ్ల 10 నెలల వయసు.

ఆ తర్వాతి మూడేళ్లు మెరుపులూ గాయాలూ పక్కపక్కనే నడిచాయి. తొడ కండరం పదేపదే పట్టేసేది. 2006లో బార్సిలోనా యూరప్ విజేత అయింది గానీ, ఫైనల్ రోజు మెస్సీ గాయంతో బయటే ఉన్నాడు. నాలుగు చాంపియన్స్ లీగ్‌లలో ఒకటి అలా చూస్తూ గెలిచిందే. 2008లో పరిస్థితి మారింది. రొనాల్డినో మిలన్‌కు వెళ్లిపోయాడు, పదో నంబర్ చొక్కా మెస్సీకి వచ్చింది, కోచ్‌గా పెప్ గార్డియోలా వచ్చాడు. తిండి నుంచి వ్యాయామం దాకా అన్నీ పద్ధతిలో పడ్డాయి. 40 మ్యాచ్‌లాడిన సీజన్ తర్వాత 51, ఆపై 53, 55, 60. గోల్స్ పెరగడానికి మొదటి కారణం ఇంత చప్పనిది: ఆ కుర్రాడు ఇక గాయపడటం మానేశాడు.

రెండో కారణం మాత్రం చప్పనిది కాదు. దాన్ని దగ్గరగా చూడాలి.

2009 మే 2న మాడ్రిడ్‌లో రియల్ మాడ్రిడ్‌తో మ్యాచ్. ముందురోజు రాత్రి గార్డియోలా వీడియోలు చూస్తూ ఒక ఖాళీని కనిపెట్టాడు. రియల్ మధ్య ఆటగాళ్లు బంతి కోసం ముందుకెళ్తారు. వాళ్ల వెనకున్న సెంటర్ డిఫెండర్లు కన్నావారో, మెట్జెల్డర్ మాత్రం గోల్‌కు దగ్గరగా వెనకే ఉండిపోతారు. రెండు వరసల మధ్య పెద్ద మడి ఖాళీగా పడి ఉంది. వెంటనే మెస్సీని తన గదికి పిలిపించి అది చూపించాడు. మ్యాచ్ కొంత నడిచాక, కుడి అంచున ఆడుతున్న మెస్సీ మధ్యలోకి, ఎటో కుడివైపుకు మారారు. మెస్సీ మధ్యలోకి వచ్చాడు సరే, స్ట్రయికర్‌లా గోల్ దగ్గర నిలబడలేదు. వెనక్కి నడిచి ఆ ఖాళీ మడిలో నిలబడ్డాడు. ఇప్పుడు డిఫెండర్లకు ముందు నుయ్యి వెనక గొయ్యి. అతని మీదికి వెళ్తే వెనక తెరుచుకున్న చోటులోకి హెన్రీ, ఎటో దూసుకొస్తారు. వెళ్లకుండా ఉంటే మెస్సీ తీరిగ్గా తిరిగి, బంతి తీసుకుని ఎదురుగా పరుగెత్తుకొస్తాడు. ఆ రాత్రి 6-2. మెస్సీవి రెండు. ఫుట్‌బాల్ భాషలో ఆ స్థానాన్ని ఫాల్స్ నైన్ అంటారు, తొమ్మిదో నంబర్‌వాడిలా కనిపించి మాయమయ్యేవాడు. ఎత్తు కొత్తది కాదు, పాతకాలం హంగేరీ జట్టు కూడా వేసిందే. మెస్సీకి మాత్రం సరిగ్గా కుట్టించినట్టు అమరింది.

గార్డియోలా కింద నాలుగు సీజన్లలో 219 మ్యాచ్‌లు, 211 గోల్స్. ఏటేటా చూస్తే 38, 47, 53, 73.

ఆ 73 సీజన్ కడుపులోంచే 91 పుట్టింది. 2012 క్యాలెండర్ సంవత్సరంలో క్లబ్బుకు 79, దేశానికి 12, మొత్తం 69 మ్యాచ్‌ల్లో 91 గోల్స్. లీపు సంవత్సరం కాబట్టి 366 రోజులు. సగటున నాలుగు రోజులకో గోల్. 1972లో గెర్డ్ ముల్లర్ కొట్టిన 85 అప్పటిదాకా రికార్డు. వెంటనే జాంబియా ఫుట్‌బాల్ సంఘం లేచి, అదే 1972లో మా గాడ్‌ఫ్రే చిటాలు 107 కొట్టాడు, మా పుస్తకాల్లో ఉంది అంది. ఫిఫా దాన్ని ధ్రువీకరించలేదు. చిటాలు ఏం తప్పు చేశాడు? యూరప్‌లో ఆడకపోవడమే. రికార్డు అనేది ఎంత కొట్టావన్నదొక్కటే కాదు, ఎవరి చిట్టాలో రాశారన్నది కూడా.

ఆ 2012 మార్చి నెల ఒక్కటే ఒక పుస్తకానికి సరిపోతుంది. 7న జర్మనీ జట్టు లెవర్కుసెన్ మీద చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌లో ఐదు గోల్స్. 20న గ్రనాడా జట్టు మీద హ్యాట్రిక్, దాంతో 1955లో క్లబ్బు విడిచిన సెజార్ రొడ్రిగెజ్ పేరున ఉన్న 232 గోల్స్ రికార్డు చెరిగిపోయింది. మెస్సీ లెక్క అప్పుడు 234. వయసు 24. అంటే క్లబ్ చరిత్రలో అందరికంటే ఎక్కువ కొట్టేసిన రోజుకి అతడింకా కొట్టబోయేవి 438 ఉన్నాయి!

అయితే అభిమానులు పెద్దగా చెప్పుకోని మాట ఒకటుంది. ఆ 2011-12 సీజన్‌లో లీగ్‌లోనే 50 గోల్స్ కొట్టినా లీగ్ రాలేదు. వంద పాయింట్లతో రియల్ మాడ్రిడ్ ఎగరేసుకుపోయింది. చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో చెల్సీ మీద మెస్సీ పెనాల్టీ అడ్డకమ్మికి తగిలి తిరిగొచ్చింది, బార్సిలోనా ఇంటికెళ్లింది. గోల్స్ పతాక స్థాయిలో ఉన్నప్పుడు లీగ్, చాంపియన్స్ లీగ్ రెండూ రాలేదు. మూడు పెద్ద కప్పులూ కలిసొచ్చిన 2008-09లో అతడివి 38 గోల్సే. 2014-15లో మళ్లీ మూడూ వచ్చాయి, అప్పుడు 58. కానీ అప్పుడు పక్కన ఎవరున్నారు? ఉప్పల్‌కు వచ్చిన ఆ సువారెజే, ఇంకోవైపు నెయ్‌మార్. ముగ్గురూ కలిసి ఆ సీజన్‌లో 122 కొట్టారు: మెస్సీ 58, నెయ్‌మార్ 39, సువారెజ్ 25. మధ్య స్థానాన్ని సువారెజ్‌కు వదిలి మెస్సీ తిరిగి కుడి అంచుకు వెళ్లాడు. జట్టులో రాజు తన కుర్చీ జరుపుకోవడం అరుదు. ఆ సంవత్సరం నచ్చడానికి నాకు అదే కారణం.

నిలకడ గురించి ఒక్క ముక్క చెబితే చాలు. 2012-13లో వరసగా 21 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ చేశాడు, వాటిలో 33 గోల్స్. లీగ్‌లో మిగతా 19 జట్లనూ ఒక్కటి వదలకుండా వరసపెట్టి కొట్టినట్టు. అన్ని సీజన్లూ కలిపి ఎక్కువ దెబ్బలు తిన్నది సెవియా: 38 గోల్స్. అట్లెటికో మాడ్రిడ్‌కు 32. చిరకాల శత్రువు రియల్ మాడ్రిడ్ మీద 45 మ్యాచ్‌ల్లో 26.

అందరూ 91 దగ్గర ఆగిపోతారు. నా వేలు మాత్రం 31 మీద ఆగుతుంది.

2008-09 నుంచి 2020-21 దాకా ఆ పదమూడు సీజన్ల వరస ఇదీ: 38, 47, 53, 73, 60, 41, 58, 41, 54, 45, 51, 31, 38. శిఖరం 73 అని ఎవరైనా చూపిస్తారు. నేల ఎక్కడుందో చూడండి, 31. పదమూడేళ్లలో అతి చెడ్డ సంవత్సరం 31 గోల్స్! ఇరవై ఒకటో ఏట మొదలై ముప్పై మూడో ఏటి దాకా ఒక్కసారి కూడా ముప్పై కిందికి జారలేదు. ఈ మధ్యలో కోచ్‌లు మారారు, మిడ్‌ఫీల్డ్ సహచరులు షావీ, ఇనియెస్టా వెళ్లిపోయారు, మోకాలు నొప్పి వచ్చింది, పన్ను కేసు వచ్చింది. అతడి పని కూడా మారింది: కుడి అంచు, నడిమి, మళ్లీ అంచు, చివరికి మిడ్‌ఫీల్డర్ చేయాల్సిన పనీ స్ట్రయికర్ చేయాల్సిన పనీ రెండూ.

ఆ 31 సీజన్‌ను, అంటే 2019-20ని, ఇంకొంచెం గోకి చూస్తే ఇంకోటి బయటపడుతుంది. లీగ్‌లో అతడి గోల్స్ 25, సహచరులకు అందించిన గోల్ పాసులు 21. ఒక లా లిగా సీజన్‌లో అన్ని అసిస్టులు అంతకుముందు ఎవరూ చేయలేదు. పాత రికార్డు 20, షావీది. గోల్స్ తగ్గిన ఏడాదే వడ్డన పెరిగిందన్నమాట. వయసు మీదపడుతున్న ఆటగాడు తన పరుగును ఆదా చేసుకుంటూ, తన చూపును ఇంకొకరి కాళ్లకు అప్పిచ్చాడు. మెస్సీ ఆట చూసినవాళ్లకు తెలుసు, మైదానంలో ఎక్కువసేపు తల అటూఇటూ తిప్పుతూ నడుస్తూనే ఉంటాడు, సంతలో బేరం చేసేముందు దుకాణాలన్నీ ఒక చుట్టు చుట్టివచ్చే మనిషిలా.

ఫ్రీకిక్కులూ వయసుతో పండినవే. మొదట్లో అతడు పేరున్న ఫ్రీకిక్ ఆటగాడేమీ కాదు. సాధన చేసి చేసి బార్సిలోనాకు మొత్తం 50 కొట్టాడు. వాటిలో ఒకటి 2019 మే 1న లివర్‌పూల్ మీద, చాలా దూరం నుంచి, గోడకట్టిన ఆటగాళ్ల పక్కగా వంగి కీపర్ ఆలిసన్ చేతికందకుండా మూలన దిగింది. అది క్లబ్బుకు అతడి 600వ గోల్. మొదటిది కూడా మే 1నే. సరిగ్గా పద్నాలుగేళ్లు.

ఆ గోల్‌తో 3-0. వారం తిరక్కుండా లివర్‌పూల్ సొంత మైదానంలో 4-0తో తిరగేసింది. ఏడాది ముందు రోమా కూడా అలాగే చేసింది. తర్వాతి ఏడాది, 2020 ఆగస్టు 14న లిస్బన్‌లో బేయర్న్ మ్యూనిక్ చేతిలో 8-2. 2015 తర్వాత బార్సిలోనాకు చాంపియన్స్ లీగ్ రాలేదు. మెస్సీ గోల్స్ తగ్గాయా? 2018-19లో ఆ టోర్నీలో 12 గోల్స్‌తో అందరికంటే ముందున్నది అతడే. ఇల్లు కూలుతుంటే ఒక్క స్తంభం ఎంత గట్టిదైతే ఏం? ఆ స్తంభాన్ని చూసుకునే క్లబ్బు మిగతా గోడలకు మరమ్మతు మానేసిందని కూడా అనవచ్చు.

చివరి అంకెలు డబ్బువి. 2021 జనవరిలో స్పెయిన్ పత్రిక ఎల్ ముండో బయటపెట్టిన ఒప్పందం ప్రకారం, నాలుగు సీజన్లకు అన్నీ కలిపి, పన్నులు పోకముందు, గరిష్ఠంగా 55,52,37,619 యూరోలు. రోజుకు 3 లక్షల 80 వేల యూరోలు, అప్పటి మారకంలో మూడు కోట్ల రూపాయలకు పైనే. ఇది చూసి క్లబ్బును ముంచింది మెస్సీయే అన్నవాళ్లున్నారు. అది సగం నిజం కూడా కాదు. కొత్త అధ్యక్షుడు లపోర్టా ఆగస్టులో చెప్పిన లెక్క: మొత్తం అప్పు 135 కోట్ల యూరోలు. మెస్సీ ఉంటే జీతాలు ఆదాయంలో 110 శాతం, మెస్సీ లేకపోయినా 95 శాతం! నెయ్‌మార్‌ను అమ్మిన డబ్బుతో కొన్న ఖరీదైన ఆటగాళ్లు, ఆపై కోవిడ్‌తో మూతపడ్డ టికెట్ కౌంటర్లు కలిసి అక్కడికి తెచ్చాయి. జూన్ 30తో ఒప్పందం ముగియడంతో, లీగ్ జీతాల పరిమితి నియమాల ముందు అతడు కూడా కొత్తగా నమోదు కావాల్సిన ఆటగాడే. జీతం సగానికి తగ్గించుకోవడానికి ఒప్పుకున్నా ఆ లెక్క కుదరలేదు. ఆగస్టు 5న క్లబ్బు ప్రకటించింది, ఇక లేడని.

కాబట్టి చివరి మ్యాచ్ ఎప్పుడో అయిపోయింది, అది చివరిదని ఎవరికీ తెలియకుండానే. 2021 మే 16, క్యాంప్ నౌ, ప్రత్యర్థి సెల్టా వీగో. 28వ నిమిషంలో సహచరుడు బుస్కెట్స్ దూరం నుంచి బంతిని లేపి పంపాడు. హార్మోన్ సూదులు వేయించుకుని ఎదిగిన ఆ ఐదడుగుల ఏడంగుళాల మనిషి తలతో కొట్టాడు. 672. తర్వాత సెల్టా రెండు కొట్టి గెలిచింది. దాదాపు లక్షమంది పట్టే ఆ స్టేడియంలో కోవిడ్ వల్ల ఆ రోజు కుర్చీలన్నీ ఖాళీ. గోల్ పడ్డాక తోటి ఆటగాళ్ల కేకలు కాంక్రీటుకు తగిలి తిరిగి వాళ్లకే వినిపించాయి.